కండెలో మాట

నా రాతబల్ల సొరుగు తెరిస్తే ఇప్పటికీ నూలు వాసన, దాని వెనకే వక్కాకు వాసన వస్తాయి. అందులో వేలెడంత కండె ఒకటుంది, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే ఎర్ర నూలు చుట్ట. ఇల్లు సర్దే వంకతో ఎవరైనా దాన్ని పారేయబోతే నాకు ఒళ్లు మండుతుంది.

ఎమ్మిగనూరులో మా ముందుగదంతా మగ్గం గుంతే. ఎండాకాలం తెల్లారకముందే నాడె చప్పుడు, పడుగు పోగులకు పెట్టిన గంజి పులుపు, వంటింట్లోంచి ఉగ్గాని తాలింపు ఘాటు అన్నీ కలిసి మమ్మల్ని పక్కల మీంచి లేపేవి. మా చిన్నాయన మాత్రం మగ్గం ముట్టేవాడు కాదు. హైదరాబాదులో రష్యన్ చదివి, రష్యన్, పోలిష్, బల్గేరియన్ అన్నీ ఒకే పాతభాషలోంచి ఎట్లా విడిపోయాయో తేల్చే పరిశోధనలో పడి, సెలవులకు వచ్చినా మూలగదిలో కాగితం ముక్కలు ముందేసుకుని కూర్చునేవాడు. ఒక్కో ముక్క మీద ఒక్కో మాట, ఆ భాషలన్నిటిలో అది ఎట్లా ఉందో పెన్సిలుతో రాసుకున్న వరస. తలకాయను రష్యావాళ్లు గలవా అంటారట, పోలండువాళ్లు గ్వోవా, బల్గేరియావాళ్లు గ్లవా. మేం పిల్లలం వాటిని ఎక్కం మాదిరి అరుచుకుంటూ ఏడుపెంకులాట ఆడేవాళ్లం. ఆ భాషలన్నీ అక్కచెల్లెండ్లే అయినప్పుడు ఒకామెను అడిగితే చాలదా, ఇంటింటికీ తిరగాల్నా అని అవ్వ కొడుకును ఆటపట్టించేది. ఊరొచ్చి కూడా తన పక్కన కూర్చోడని ఆమెకు లోపల దిగులు.

ఒక వేసవిలో నూలు చుట్టడానికి కండెపుల్లలు చాలలేదు. చిన్నాయన ఆదోనికి పోయిన రోజు, కిటికీలో ఒకే కొలతలో గట్టి కాగితం ముక్కలు కనబడితే, చదువురాని మా అవ్వ వాటినే పుల్లల్లా సన్నగా మడిచి రాట్నం మీద ఎర్ర నూలు పట్టేసింది. సాయంత్రం ఆయన వచ్చి గంపెడు కండెలు చూసి కూలబడ్డాడు. ఏండ్ల కష్టమంతా నూలు కింద పోయింది, అవి లేకపోతే పరిశోధన ఆగిపోయినట్లే.

"విప్పితే నూలంతా చిక్కుబడతాదప్పా. నెయ్యి. నేసేకొద్దీ నీ మాటలు నీకొస్తాయి," అంది అవ్వ.

చిన్నాయన గుంతలోకి దిగాడు. మొదట్లో నేసినదానికన్నా తెంపిందే ఎక్కువ. అవ్వ పక్కనే కూర్చుని పోగులతికేది, నూలైపోయిన కండెలోంచి ముక్క తీసి ఒళ్లో సాపుచేసేది, నేను దాని మీద తెలుగు అర్థం చూసి వరసలో పేర్చేదాన్ని. తల్లీకొడుకులు అంతలేసి కబుర్లు చెప్పుకోవడం అదివరకు నేను చూడలేదు, చూస్తుంటే నాకే కడుపు నిండినట్లుండేది. చీరలు మగ్గం దిగాయి, మాటలన్నీ బయటికొచ్చాయి, ఒక్కటి తప్ప. ఇల్లంతా వెతికినా అది దొరకలేదు.

ఆ తర్వాత ప్రతి సెలవులకూ ఆ ఒక్క ముక్క కోసమే అంటూ వచ్చేవాడు. నెయ్యప్పా, యాడో ఉంటాది అనేది అవ్వ. పరిశోధన ముగిసి, పట్టా వచ్చి, పాఠాలు చెప్పే ఉద్యోగంలో కుదురుకున్నా ఆయన వెతకడం మానలేదు, నేయడమూ మానలేదు.

అవ్వ పోయాక ఆమె వక్కాకు సంచి అడుగున ఈ కండె దొరికింది. పరుగున పోయి చిన్నాయన చేతిలో పెట్టి, విప్పుదామా అన్నాను. ఆయన దాన్ని అరచేతిలో తిప్పి చూసి, మళ్లీ నా చేతిలోనే పెట్టాడు.

"దాంట్లో ఏముండాదో నాకు తెలుసుమ్మా. ఇంకో కాగితం మీద రాసుకునేకి ఎంతసేపు? ఆ పొద్దే రాసుకుంటి."

ఇప్పుడు ఆ గుంత పూడ్చి గచ్చు చేసి బండ్లు నిలుపుకుంటున్నారు. వీధిలో నాడె చప్పుడు లేదు, గలవా గ్వోవా అని అరిచిన పిల్లలం తలో ఊరిపాలయ్యాం, చిన్నాయనా లేడు. ఆ మాటేమిటో నేనాయనను అడగలేదు. కండె విప్పనూ లేదు. విప్పితే అవ్వ చుట్టిన చుట్టు పోతుంది.