చాటెడు తవుడుకు వచ్చిన నోయెల్

నా చిన్నప్పుడు కాజీపేట రైల్వే క్వార్టర్లలో నోయెల్ అనే పేరు ఎవరికీ లేదు. మొదటివాడు మా తమ్ముడే. మేమేమో ఏటా మల్లన్నకు రంగుల ముగ్గుతో పట్నం వేసి మొక్కే ఇంటివాళ్ళం. ఆ పేరు మా ఇంట్లోకి ఎలా వచ్చిందని ఇప్పటికీ అడుగుతుంటారు.

వాడికి ముందు మా అమ్మకు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. రెండోవాడు దవాఖానలోనే పోయాడు. అందుకే, క్రిస్మస్‌కు వారం ముందు పుట్టిన ఈ పసివాడు పాలు తాగక డొక్కలు ఎగరేస్తుంటే, మా నాయనమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది. దవాఖానకు ఎలా తీసుకుపోతారో చూస్తానంది. నాన్న డ్యూటీ మీద బల్లార్షా వెళ్ళాడు. అమ్మ ఏడుస్తూ ఉండిపోయింది.

పిల్లలు నిలవని ఇంట్లో, పుట్టిన బిడ్డను చాటలో వేసి పొరుగువాళ్ళకు తవుడుకు అమ్మడం మావైపు ఆచారం. కొన్నవాళ్ళే పేరు పెట్టి, వెంటనే తిరిగి ఇచ్చేస్తారు. అలా చేస్తే చావు మోసపోతుందని నమ్మకం. నాయనమ్మ పక్క క్వార్టర్ నర్సు పెద్దమ్మను పిలిచింది. ఆమె చర్చికి పోయే మనిషి, నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. చాటెడు తవుడు తెచ్చి పోసింది, పిల్లవాణ్ణి ఎత్తుకుంది, తిరిగి మాత్రం ఇవ్వలేదు.

"కొన్న గద అత్తమ్మా, ఇగ వీడు నా కొడుకు. నా కొడుకును నేను దవాఖానకు తీస్కపోతాన."

ఆచారం నాయనమ్మదే, కాదనేదెలా? గొణుక్కుంటూ లేచి దారి ఇచ్చింది.

క్రిస్మస్ నాడు మధ్యాహ్నం పెద్దమ్మ వాణ్ణి దవాఖాన నుంచి తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టింది. ఆవురావురుమని పాలు తాగాడు. అమ్మయ్య! ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొచ్చింది. పేరేం పెట్టావని నాయనమ్మ అడిగితే, నోయెల్ అంది పెద్దమ్మ. ఎక్కడో పరదేశంలో క్రిస్మస్‌ను అలా అంటారట, దాని మూలం పుట్టుక అనే మాటేనట. "మంచిగున్నది పో, మా నోయెలయ్య!" అని నాయనమ్మ వాడకట్టంతా చెప్పుకుంది. పిల్లవాణ్ణి నిలబెట్టిన పేరని ఏడాది తిరిగేసరికి మా లైన్లో ఇంకో ముగ్గురు నోయెల్‌లు. అందులో ఒకడు బోనాల నాడు పుట్టాడు!

అంత మొండి ముసలిదానితో ఎందుకు కొట్లాడలేదని పెద్దమ్మను అడిగాను.

"మొండిది గాదు బిడ్డా, బుగులువడ్డది. భయపడ్డోళ్ళతోని కొట్లాడితే ఇంకింత బిగుసుకుంటరు."

నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. మొన్న మా మనవరాలు తన పసిబిడ్డకు టీకా వేయించనంటే, తిట్టు నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. దేనికి భయపడుతున్నావే అని అడిగాను. భోరున ఏడ్చేసింది. సాయంత్రం ఇద్దరం కలిసే బిడ్డను తీసుకుపోయాం.