తొమ్మిదో నెలలో తనూజ మానేసింది

దుర్గప్పకు యాభై నాలుగేళ్లు. కన్నడ సీమలో చిక్కసూగూరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో కరెంటు పని చూస్తాడు. ఇరవై ఆరేళ్లుగా అదే గేటు, అదే మోటారు రూము. ఈ మూడేళ్లలో ఏడుగురికి పని నేర్పాడు. చేతికి అందొచ్చేసరికి ఒక్కొక్కరే వెళ్లిపోయారు. "ఈ పోరగాండ్లకు కాలు ఒక్క తాన నిలువది" అని క్యాంటీన్‌లో అందరితోపాటు తనూ అనేవాడు.

ఎనిమిదో మనిషి తనూజ. సింధనూరు వైపు, కోస్తా నుంచి వలసొచ్చిన రైతుల క్యాంపులో వరి పండించేవాళ్ల అమ్మాయి, డిప్లొమా చదివింది. మోటారు చప్పుడు విని బేరింగు పోయిందని చెప్పేసేది. తనకొచ్చిన విద్యంతా ఈ పిల్లకు అప్పజెప్పాలనుకున్నాడు దుర్గప్ప.

తొమ్మిదో నెలలో ఆమె రాజీనామా కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"గిదేంది బిడ్డా? ఎవరన్న ఎక్కువ జీతం ఇస్తమన్నరా?"

"లేదండి. వెళ్లే చోటా ఇంచుమించు ఇంతే."

"మరి? నేనేమన్న గట్టిగ అంటినా?"

తనూజ తన బూట్ల వైపు చూపించింది. "చేరినప్పుడు ఏడో నంబరు బూట్లిచ్చారు. నాది నాలుగు. వేళ్ల దగ్గర గుడ్డలు కుక్కుకుని నడిచాను. మీకు మూడుసార్లు చెప్పాను సార్. మూడుసార్లూ సర్దుకోమన్నారు. నిచ్చెన మీంచి జారి కాలు బెణికితే, ఇంట్లో ఉన్న రోజులకు జీతం కోశారు. ఇంక ఎన్నాళ్లుంటే మాత్రం ఏం మారుతుందండీ?"

"ఆఫీసుకు రాస్తినమ్మా..." అన్నాడు. రాసింది ఒక్కసారే. మళ్లీ అడగలేదు. తనను అందరూ ఫోర్‌మన్ అని పిలుస్తారే తప్ప కాగితాల్లో ఇప్పటికీ హెల్పరే. దానికీ సర్దుకున్నాడు.

"పో బిడ్డా. సల్లగుండు," అన్నాడు చివరికి.

మానేసినవాళ్ల ఫారంలో కారణం రాయాలి. ఏడుగురికీ 'సొంత కారణాలు' అనే రాశాడు. ఈసారి బూట్ల సంగతి, నిచ్చెన సంగతి, తను పట్టించుకోని సంగతి కన్నడలో ఉన్నదున్నట్టు రాశాడు. సాయంత్రానికి ఆఫీసువాళ్లు అదంతా కొట్టేసి, పైన 'సొంత కారణాలు' అని రాసి, మళ్లీ సంతకం పెట్టమని పంపారు. దుర్గప్ప పెట్టలేదు. గుమాస్తా రెండుసార్లు ఫోన్ చేసి ఊరుకున్నాడు.

మిగతా ఏడుగురూ ఎందుకు పోయారో తనెన్నడూ అడగలేదని అప్పుడు తట్టింది. అందరికంటే ముందు మానేసిన మౌనేశ్‌కు ఫోన్ చేశాడు.

"ఎందుకు పోతివిరా నువ్వు?"

అవతల మౌనేశ్ నవ్వాడు. "ఇప్పుడడుగుతున్నవా కాకా? మా నాయన దవాఖానల ఉన్నడని రెండు దినాలు డ్యూటీకి రానని రజా అడిగితి. ఇయ్యలే. నువ్వు పక్కనే నిలబడి ఉంటివి గద."

దుర్గప్పకు ఆ రోజు గుర్తే లేదు. ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు.