ఏరోడ్రం మీద తమ్ముడి దారి

మా ఊరి ఏరోడ్రం మీద మిరపకాయలు ఎండబోసేవాళ్లు ఎవరైనా సరే, నడిమధ్యన రెండు ఎడ్లబండ్లు పక్కపక్కనే పోయేంత ఖాళీ వదలాలి. ఇది పంచాయతీ పెట్టిన కట్టుబాటు అనుకునేరు. ఎలీసమ్మక్క పెట్టింది. పెట్టి ముప్పై ఏళ్లు దాటినా ఊళ్లో ఒక్కడికీ కాదనే ధైర్యం లేకపోయింది. ఆ ఖాళీ వల్ల అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడినవాణ్ణి నేనే కాబట్టి, దాని సంగతి చెప్పే హక్కు కూడా నాదే అనుకుంటున్నాను.

ఏరోడ్రం అంటే మరీ గొప్పగా ఊహించుకోవద్దు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తెల్లవాళ్లు పొదిలికి అవతల, మెట్టభూముల మధ్య, విమానాలు దిగడానికి పొడుగాటి చప్టా ఒకటి వేశారు. యుద్ధం అయిపోయింది, వాళ్లు పోయారు, చప్టా మిగిలింది. చాలాకాలం మేకలు దాని మీద పడుకున్నాయి. బావుల కింద మిరప వేయడం ఎక్కువయ్యాక మాకు అంతకంటే మంచి కళ్లం దొరకలేదు. కాయకు మట్టి అంటదు, అడుగు నుంచి చెమ్మ రాదు, రంగు నిలుస్తుంది. సంక్రాంతికి నెల ముందు నుంచి ఎండలు ముదిరేదాకా ఆ చప్టా అంతా ఎర్రగా ఉంటుంది, నడుమ మాత్రం బూడిదరంగు చార.

ఆ చార మీద దిగాల్సినవాడు జయరావు. ఎలీసమ్మక్క తమ్ముడు, మిషన్ బడిలో నా పక్క బల్ల. నా పేరు అనీస్. మా నాన్నది మిరప వ్యాపారం, తరవాత నాదీ అదే. జయరావు వాళ్ల నాన్న చర్చిలో గంట కొట్టేవాడు. వాణ్ణి కన్న ఏడాదికే తల్లి పోతే, పన్నెండేళ్ల అక్క పెంచింది. తమ్ముణ్ణి చంకనేసుకునే కాయకోతకు వచ్చేదనీ, పసివాడి కళ్లలో ఘాటు పడకుండా తడిగుడ్డ కప్పి గట్టు మీద పడుకోబెట్టేదనీ మా అమ్మ చెప్పేది. ఆమెకు పెళ్లయింది, రెండేళ్లకే మొగుడు జ్వరంతో పోయాడు, మళ్లీ తమ్ముడి దగ్గరికే వచ్చేసింది. అక్షరం ముక్క రాదు గానీ నోరున్న మనిషి. చిన్న వయసులోనే కాయకోత ముఠాకు మేస్త్రి అయింది. ఆమె ఈ చివర అరిస్తే ఆ చివర ఉన్న ఆడవాళ్లు తలెత్తేవాళ్లు.

మేమంతా చప్టా మీద గోలీలాడుతుంటే జయరావు చేతులు చాచి పరుగెత్తేవాడు. అలా పరుగెత్తే పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, పెద్దయ్యాక మానేస్తారు. వీడు మానలేదు. గుంటూరులో కాలేజీ చదువు అయిపోగానే వైమానిక దళంలోకి వెళ్లిపోయాడు. యుద్ధ విమానం నడుపుతున్నాడని తెలిసిన రోజు ఎలీసమ్మక్క ముఠాలోని ఆడవాళ్లందరికీ బెల్లం పంచింది. మా నాన్న కొట్టుకు కూడా వచ్చి పెట్టి వెళ్లింది.

డెబ్బై ఒకటి డిసెంబరులో యుద్ధం వచ్చింది. ఊళ్లో రేడియో మా కొట్లోనే ఉండేది. జయరావు తూర్పున ఎక్కడో ఉన్నాడని మాత్రమే తెలుసు. పని దిగగానే ఎలీసమ్మక్క వచ్చి కొట్టు బయట నిలబడేది. అర్థమైనా కాకపోయినా వార్తలు అయిపోయేదాకా కదిలేది కాదు. ఒకరోజు మా నాన్నను అడిగింది, పైన ఎగిరేవాళ్లకు నూనె అయిపోతే ఎక్కడ దిగుతారని. నాన్న కాటా వేస్తూ, ఎక్కడ చదునుగా ఉంటే అక్కడ దిగుతారమ్మా అన్నాడు, తలెత్తకుండానే. ఆయన మర్చిపోయాడు. ఆమె మర్చిపోలేదు.

మర్నాడు తొలికోత కాయలు చప్టా మీద పోస్తుంటే నడుమ ఖాళీ వదలమంది. మన ఏరోడ్రం చదునేగా, మావాడికి చిన్నప్పటి నుంచీ తెలిసిన చోటేగా అంది. ఢాకా ఎక్కడ, పొదిలి ఎక్కడ! నాన్న చెప్పబోయాడు. ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. అదీ మొదలు.

నిజానికి ఆ రోజుల్లోనే జయరావు విమానానికి కింది నుంచి దెబ్బ తగిలింది. ఎలాగో సరిహద్దు దాటించుకొచ్చి, ఇక నిలబడదని తెలిశాక సీటుతో సహా బయటికి దూకేశాడు. పారాచూట్ విచ్చుకుంది, ప్రాణం దక్కింది, వెన్నెముక దెబ్బతింది. ఆపరేషన్ చేశారు. ఇక యుద్ధ విమానం ఎక్కడానికి వీల్లేదన్నారు.

కోతలు అయిపోవస్తుండగా ఊరికొచ్చాడు. నడుముకు బిగించిన బెల్టు చొక్కా కింద దాచుకుని బస్సు దిగాడు. అక్క వాణ్ణి ఇంటికి కూడా పోనివ్వకుండా ఏరోడ్రం దగ్గరికి లాక్కుపోయింది. వెనకే నేను.

"చూడరా, నీకోసమే వదిలిపెట్టించా. యుద్ధంలో కుదరలేదు సరే. తీరికైనప్పుడు దిగు," అంది.

వాడు ఆ చారను ఈ చివర నుంచి ఆ చివరికి చూశాడు. వాడి కళ్లు మెరవడం నేను చూశాను, అది చూడకపోయినా బాగుండేది.

"దిగుతాలే అక్కా," అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు నా భుజం పట్టుకుని డాక్టర్ల మాట చెప్పాడు. అక్కకు నువ్వు చెప్పొద్దు, ఈసారి వచ్చినప్పుడు నేనే చెప్తానన్నాడు. ఆ ఈసారి ఎన్నిసార్లు వచ్చిందో!

తరవాత పెద్ద పరీక్ష రాసి విదేశాంగ శాఖలో చేరాడు. ఆ ఉద్యోగం ఏమిటో నాకు సరిగ్గా బుర్రకెక్కలేదు. మన దేశం తరఫున ఇంకో దేశంలో కూర్చుని మాట్లాడటమేరా అన్నాడు. మాటలకు కూడా జీతమా అని నవ్వాను. చెప్పకుండా ఉండాల్సినవి చెప్పకుండా ఉన్నందుకే ఎక్కువ జీతం అన్నాడు. ఆ విద్య వాడు ఊళ్లో ముందే నేర్చుకున్నాడని నేను మనసులో అనుకున్నాను.

ఎలీసమ్మక్కకు అర్థమైంది ఒక్కటే. తమ్ముడు విమానాల మీద దేశదేశాలు తిరుగుతున్నాడు. విమానం మీద తిరుగుతున్నాడంటే నడుపుతున్నాడనే. లారీ మీద తిరిగే మనిషి డ్రైవరో క్లీనరో అయి ఉంటాడు గానీ ఊరికే కూర్చుని తిరుగుతాడా? ఊళ్లో చాలామంది కూడా అదే అనుకున్నారు. దాంతో ఏటా దారి ఇంకాస్త వెడల్పయింది, విమానాలు పెద్దవైపోయాయని ఎవరో చెప్పారట.

ఒక ఏడు మబ్బు పట్టింది. బుల్లయ్య అనే రైతు, వాన పడేలోపు ఎండాలని, తన కాయలు పల్చగా పరుస్తూ దారిలోకి జరిపాడు. ఎలీసమ్మక్క చీపురు పట్టుకొచ్చి మొత్తం వెనక్కి ఊడ్చేసింది. మా తమ్ముడు నీ కాయల మీద దిగితే నువ్వే నా మీదకి తగువుకొస్తావు అంది. ఆమె ముఠా రాకపోతే బుల్లయ్య చేలో కాయ చెట్టు మీదే ఎండిపోవాలి, అందుకని నోరు మూసుకున్నాడు. ఆ తరవాత ఊరికి కాపురానికొచ్చిన కొత్త కోడళ్లకు కూడా కళ్లంలో ముందు నేర్పేది ఆ దారి సంగతే.

నా సంగతి చెప్పాలంటే, కొన్న కాయ ఎండబోసుకోవడానికి చప్టా మీద నా వంతు సరిగ్గా నడిమధ్యన పడింది. ఎన్నిసార్లు విసుక్కున్నానో దేవుడికే తెలుసు.

మూడు నాలుగేళ్లకోసారి జయరావు, వాడి భార్య రెబెకా వచ్చేవాళ్లు. ఒంగోలు దాకా రైలు, అక్కడ నుంచి కారు. అక్క కారును ఎగాదిగా చూసి, ఈసారీ ఇదేనా అనేది. సెలవు మీద వచ్చేవాళ్లకు విమానం ఇవ్వరక్కా అనేవాడు. అందులో అబద్ధం లేదు, నిజమూ లేదు. నాకు ఒళ్లు మండేది. ఇద్దరమే ఉన్నప్పుడు తిడితే, తిట్టినంతసేపూ విని, "ఆ దారి చూస్తే నాకు నోరు రాదురా," అనేవాడు.

ప్రయాణికుల విమానాల్లో వాడు ఎన్నడూ కిటికీ పక్కన కూర్చోలేదట. నేల దగ్గరపడుతుంటే చేతులు వాటంతటవే ముందుకు కదులుతాయనీ, పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదనీ చెప్పాడు. యుద్ధంలో పారాచూట్‌తో దిగుతున్నప్పుడు కింద కోసిన వరిమడి కనపడితే, నొప్పిలో, మన ఏరోడ్రమే అనుకున్నాడట. అక్కా వస్తున్నా అని అరిచాడట కూడా. అది చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

రెబెకా పోయిన రెండేళ్లకు, రెండువేల మూడులో వాడు రిటైరయ్యాడు. పిల్లలు లేరు. హైదరాబాదులో ఉండమని తోటి అధికారులు అంటే వినకుండా ఊరికొచ్చి, అక్క ఇంటి పక్కనే రెండు గదులు వేసుకున్నాడు. రోజూ పొద్దున్నే ఏరోడ్రం మీద నడిచేవాడు, సరిగ్గా ఆ చార మీదే. ఇంకా ఏం వెతుకుతున్నావురా అని ఒకసారి వేళాకోళం చేశాను.

"ఎన్నో రాజధానుల్లో దిగాను అనీసూ. ఒక్కచోటా నా చేతులతో దిగలేదు. ఇక్కడ ఒక్కసారి దిగాలనుందిరా. ఇంకేం వద్దు," అన్నాడు.

అరవై ఏళ్ల మనిషి, చిన్నపిల్లాడిలా అడిగాడు. ఆ మాట చెప్పాల్సింది నాకు కాదు, అక్కకని ఇద్దరికీ తెలుసు.

ఆ చలికాలం ఎలీసమ్మక్కకు చూపు తగ్గింది. ఒంగోలు తీసుకెళితే నీటికాసుల జబ్బన్నారు. ఒక కన్ను అప్పటికే పోయింది, రెండోది ఎన్నాళ్లో ఉండదు, ఆపరేషన్‌తో లాభం లేదన్నారు. ఆమె ఏడవలేదు. కారులో తిరిగొస్తూ తమ్ముడి చెయ్యి తడుముకుని పట్టుకుంది.

"కాస్త చూపుండగానే ఒక్కసారి దిగరా జయా. నేను చూస్తా," అంది.

జయరావు అప్పుడు నిజంగానే ప్రయత్నించాడు. పాత స్నేహితులకు ఫోన్లు చేశాడు. విమానం నడపడం నేర్పే ఒక స్కూలును బతిమాలాడు. వాళ్లు ముందు నవ్వారు, తరవాత జాలిపడ్డారు. చప్టా పగుళ్లిచ్చింది, అనుమతి రాదు, ఆ నడుముతో ఆ వయసులో అసలే కుదరదు. ఆ మాట నాకు చెప్పడానికి వచ్చాడు. ఇక నువ్వు చెప్పకపోతే నేను చెప్తానన్నాను. ఆమె ఆ ఒక్క కంటితో ఆకాశం వంక చూస్తూ కూర్చోవడం నేను భరించలేకపోయాను.

మర్నాడు మధ్యాహ్నం, కళ్లం పక్కన టార్పాలిన్ పట్టా నీడలో ముఠా అన్నాలు తింటుంటే వాడు వచ్చి అక్క ముందు నేల మీద కూర్చున్నాడు.

"అక్కా, నేను విమానం నడపను."

"ఇయ్యాళా?"

"ఎప్పుడూ నడపను. యుద్ధంలోనే అయిపోయింది. నడుం విరిగింది. మళ్లీ ఎక్కనివ్వలేదు."

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "మరి దేశాలన్నీ తిరిగిందో?"

"వెనకాల కూర్చుని తిరిగానక్కా. అందరిలాగే."

ఎలీసమ్మక్క ముద్ద గిన్నెలో పెట్టేసి, చెంబుతో చెయ్యి కడుక్కుని, పైటకు తుడుచుకుంది. ఆ చెయ్యి వాడి చొక్కా వెనక నుంచి లోపలికి పోనిచ్చి వెన్ను మీద తడిమింది. పొడుగ్గా ఉన్న కుట్ల గుర్తు దొరికింది. వేళ్లతో దాని వెంట చివరిదాకా పోయింది.

"ఇన్నేళ్లూ నొప్పేనా?"

"చలికాలంలో."

లేచి నిలబడి, మధ్యలో కూడా పొయ్యండే అని కేకేసింది. ఒక్కరూ కదల్లేదు. దాంతో ఆమే ఒక గంప ఎత్తుకుని, అలవాటైన నేల కదా, తడబడకుండా వెళ్లి చార మీద కుమ్మరించింది. అప్పుడు అందరూ లేచారు. పొద్దు వాలేసరికి చప్టా ఒక్క ఎరుపైంది. నాకు కావలసినంత చోటు దొరికింది. సంతోషించాల్సింది, ఏడుపొచ్చింది.

జయరావు ఆ చివర నిలబడి చూస్తున్నాడు. దిగేచోటు పోయిందిరా అన్నాడు. నిజం చెప్పమని సతాయించింది నేనే.

చీకటి పడబోతుంటే కాయలు రాశులు చేసి, మంచు పడకుండా పట్టాలు కప్పారు. పొద్దున మళ్లీ పట్టాలు తీసి పరవడం మొదలుపెట్టారు, ఈసారి ఈ కొస నుంచి ఆ కొసకు. కర్ర పట్టుకుని ఎలీసమ్మక్క వచ్చింది. నడిమధ్యకు నడిచి కాలితో తడిమి చూసింది. కాయలు తగిలాయి.

"మధ్యలో వదలండే," అంది.

ముఠాలో చేయి తిరిగిన మనిషి రాఘవమ్మ. ఆమే ధైర్యం చేసింది. "మధ్యలో పొయ్యమని నిన్న నువ్వేగా అన్నావు, ఇంక దిగేదెవరు పెద్దమ్మా?"

"వీడు దిగడు. వీడు వచ్చేశాడుగా, ఇంట్లోనే ఉన్నాడు. ఆ యుద్ధానికి పోయినోడు ఉన్నాడే, వాడింకా రాలేదు. వాడికోసం చూడకపోతే నాకు పొద్దెట్టా పోతది?"

చీపుళ్లు తీసుకున్నారు. రెండు పక్కలకీ ఊడ్చారు. జయరావు ఇంటికెళ్లి రెండు కుర్చీలు తెచ్చి, దారి చివర వేసి, ఒకదాంట్లో అక్కను కూర్చోబెట్టి రెండోదాంట్లో తను కూర్చున్నాడు. ఆ కోతలన్నాళ్లూ పొద్దున్నే అలాగే కూర్చున్నారు. ఆమె చూపు మసకబారేకొద్దీ చూసే పని వాడిదే అయింది. ఏమన్నా కనపడుతుందా అని ఆమె అడుగుతుంది, ఇంకా లేదక్కా అని వాడు చెబుతాడు. ఒకసారి దగ్గరగా వెళ్లి చూశాను. వాడు అక్కను ఊరడించడానికి ఆ మాట అనడం లేదు. నిజంగానే ఆకాశం చూస్తున్నాడు, రెండు చేతులూ మోకాళ్ల మీద ముందుకు చాచుకుని.

ఆ ఏడు కూడా చోటు చాలక నా కాయలు ఆలస్యంగా ఎండాయి.