పాపన్నకు తట్టు పోసిన ఏడు

బాగేపల్లి దగ్గర పల్లెలో తిమ్మరాయప్పది వేరుశనగ సేద్యం. భార్య సుబ్బలక్ష్మమ్మ. ఐదేళ్ల పాపన్న, చంకలో కెంపమ్మ, వాళ్ల పిల్లలు. పుట్టినప్పుడు బొద్దుగా ఉన్న పాపన్న, చేలగట్ల వెంట తిరగడం మొదలైనాక పాలిపోతూ వచ్చాడు. మొహం ఉబ్బింది. నాలుగడుగులు పరుగెత్తితే ఆయాసం. గోడ మట్టి గోక్కుని తినేవాడు.

"మన్ను తినేవానికి రంగెట్లొస్తాది?" అని అత్త అక్కమ్మ తేల్చేసింది.

ఆ ఎండాకాలం ఊరంతా తట్టు పోసింది. పక్కింటి రామప్ప పిల్లలు వేపమండల మీద పడుకుని, నీళ్లు పోసుకుని లేచి ఆటల్లో పడ్డారు. పాపన్న మాత్రం లేవలేదు. ఒంటి మీద తట్టు మాడినా దగ్గు తగ్గలేదు. డొక్కలెగరేస్తున్నాడు.

"వీణ్ణి చింతామణి ఆసుపత్రికి పిల్చుకపోతా అత్తా."

"అమ్మవారు ఇంట్లో ఉండాది. మందు తాగిస్తే తల్లి ఊరుకుంటాదా?"

తిమ్మరాయప్ప తల్లి వంకా పెళ్లాం వంకా చూశాడు. సుబ్బలక్ష్మమ్మ కెంపమ్మను అత్త ఒళ్లో పెట్టి, కొడుకును భుజాన వేసుకుని బస్సు దారి పట్టింది. సగం దూరం పోయాక మొగుడు వెనక నుంచి వచ్చి పిల్లవాణ్ణి అందుకున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు పిల్లవాడి కంటి కింది రెప్ప లాగి చూశాడు. ఎరుపన్నదే లేదు.

"ఉత్త తట్టయితే లేచి కూర్చునేవాడమ్మా. కడుపులో కొంకి పురుగులు ఏళ్లుగా రక్తం తాగేసినాయి. ఆ ఒంటి మీదికి తట్టొచ్చింది. ఇప్పుడు ఊపిరితిత్తులకు పాకింది."

"పురుగులు యాడ్నుంచి వచ్చినాయప్పా?"

"జనం బయటికి పోయే నేలలో ఉంటాయి. ఒట్టి కాళ్లతో తొక్కితే చర్మంలోంచి దూరతాయి."

మర్నాడు మధ్యాహ్నం పాపన్న నీళ్లడిగాడు. లోటా నోటి దగ్గరికి తెచ్చేలోగా తల్లి ఒళ్లోనే పోయాడు.

"అమ్మవారిని కాదని ఆసుపత్రికి పోయినావు," అంది అక్కమ్మ. కర్మ అయిపోయాక సుబ్బలక్ష్మమ్మ కెంపమ్మను ఎత్తుకుని చెప్పులు కుట్టే ఆంజనేయప్ప దగ్గరికి పోయింది.

"నడక రాని బిడ్డకు చెప్పులేందమ్మా?"

"వచ్చేలోగా కుట్టప్పా."

ఊళ్లో ఆడవాళ్లు నవ్వారు. నవ్వనీ అనుకుంది. పాదం పెరిగిన కొద్దీ కొత్త జత కుట్టించింది, ఏటా ఆసుపత్రి నుంచి పురుగుల మందు తెచ్చి తాగించింది. ఆరేళ్లప్పుడు కెంపమ్మకూ తట్టు పోసింది. వారం తిరక్కముందే లేచి, ఆకలవుతాందని ముద్ద అడిగింది.

మనవరాలు తింటుంటే చూస్తూ కూర్చున్న అక్కమ్మ, "వానికీ చెప్పులు కుట్టించి ఉంటే..." అంది.

"అప్పుడు మనకు తెలీదు గదత్తా," అంటూ సుబ్బలక్ష్మమ్మ పక్కన చతికిలబడి, ముసలామె చెయ్యి పట్టుకుంది.