కుక్కకూ అదే మాత్ర

అనకాపల్లి ఆసుపత్రి నుంచి దేవరాపల్లి బస్సులో వస్తున్నాం. పదహారేళ్ల మా అమ్మాయి మలేరియాతో నా భుజం మీద వాలిపోయింది. డాక్టరుగారు మలేరియా మందుతోపాటు ఒక యాంటీబయాటిక్ కూడా రాశారు. వేళయిందని ఆ మాత్రల షీటు తీయగానే, పక్క సీటాయన తన జేబులోంచి అచ్చం అలాంటిదే తీశాడు. ఆయన ఒళ్లో తువ్వాలు చుట్టిన నల్లకుక్క ఉంది.

"పాపకి మలేరియా అంటన్నారు గదా, దీని రగతంలో కూడా పురుగేనమ్మా. ఈ మందుకి ఆ పురుగు సత్తాదేమోనని పశువుల డాక్టర్లు ఏసి సూత్తన్నారు" అన్నాడు.

కుక్కల మీద ఇంకా పరీక్షిస్తున్న మందును నా కూతురికిచ్చారా? షీటు పారేద్దామనుకున్నాను.

"బతుకుతుందా?" అని అడిగాను.

"తెల్దమ్మా. నాకూ బయంగానే ఉంది." ఆయన తువ్వాలు కాస్త తొలగించాడు. "మెడ మీద సెయ్యెట్టి సూడండి. నిన్నయితే కాలిపోయింది."

పెట్టి చూశాను. వెచ్చగా ఉంది, అంతే.

పారేద్దామనుకున్న షీటులోంచే మాత్ర తీసి, అమ్మాయిని లేపి మింగించాను. కాసేపటికి ఆయన కుక్కను ఎత్తుకుని ఒక ఊరి దగ్గర దిగిపోయాడు.

మా అమ్మాయికి తగ్గిపోయింది. ఆ కుక్క సంగతి తెలియదు. ఆయన దిగిన స్టాపులో బస్సు ఆగితే ఇప్పటికీ దానికోసం చూస్తాను.