భర్త సంతకం గడి

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ నర్సింగ్‌హోమ్ కౌంటర్ మీంచి కాగితం తిరిగి మా చేతికే వచ్చింది. అడుగున ఒక గడి ఖాళీగా ఉంది.

"మీవారి సంతకం లేకుండా ఎలా అమ్మా? రేపు ఆయన్ని తీసుకురండి," అంది కౌంటర్‌లో ఆమె.

"రేషన్ కాడ ఏలిముద్ర ఎయ్యనీకే రాడు, గీ దానికొస్తడా?" అంది నాతో వచ్చినావిడ. నవ్వుతూనే అంది గానీ, నా మణికట్టు మీద ఆమె వేళ్లు బిగుసుకున్నాయి.

కొత్తపేటలో మా పైవాటాలో అద్దెకుంటారు వాళ్లు. నల్లగొండ వైపు ఊరు. ఆయన లారీ ఎక్కితే పది రోజులకు గానీ రాడు. ఆమె ఎల్బీనగర్‌లో ఒక టైలర్ దగ్గర జాకెట్లు కుడుతుంది. ఇద్దరు పిల్లలు. కాపర్-టి ఉందన్న ధీమాతో నెల తప్పినా పట్టించుకోలేదు. స్కానింగ్ చేయించేసరికి ఇరవై వారాలు నిండడానికి మూడు రోజులే మిగిలాయి. కడుపు తీయించుకుంటానని ఫోన్‌లో చెబితే ఆయన వద్దన్నాడు.

"ఉండనీ అంటుండు ఆంటీ. ఆయనకేంది? మోసేది నేను గదా."

1971 నాటి గర్భస్రావ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి చాలు, భర్తది అక్కర్లేదు. 2021 సవరణ తర్వాత ఇరవై వారాల దాకా ఒక డాక్టరు ఒప్పుకుంటే సరిపోతుంది. ఆపైన ఇరవై నాలుగు దాకా ఇద్దరు ఒప్పుకోవాలి, అదీ కొన్ని కోవల వాళ్లకే. ఈమె ఆ కోవల్లోకి వస్తుందన్న నమ్మకం నాకు లేదు. ఆమెకున్నవి ఆ మూడు రోజులే.

ఇదంతా పత్రిక డెస్కులో పనిచేసిన రోజుల్లో ఆలస్యంగా నేర్చుకున్నాను. అంతకుముందు ఈ చట్టం మీద వచ్చిన ఒక వార్త దిద్దుతూ 'భర్త అంగీకారంతో' అన్న మాట నేనే చేర్చాను. విలేఖరి రాయడం మరిచిపోయాడనుకున్నాను. డెస్కులో ఎవరూ అడగలేదు. తప్పని ఒక్క ఉత్తరమూ రాలేదు. పత్రికలో తప్పొప్పుల సవరణ వెయ్యనే లేదు.

"ఈ గడి చట్టంలో లేదమ్మా," అన్నాను.

"మా ఫారంలో ఉంది కదండీ. రేపు ఆయనొచ్చి గొడవ చేస్తే ఎవరిది పూచీ?"

డాక్టరమ్మను పిలవమన్నాను. ఆవిడ వచ్చి కాగితం చూసింది. నా మాట పూర్తిగా వినకుండా నా పక్కనున్నామె వైపు తిరిగింది.

"నీ ఇష్టంతోనే వచ్చావా?"

"నా ఇష్టమే మేడం. గింత దూరం ఎవ్వరు గుంజుకొస్తరు?"

డాక్టరమ్మ పెన్ను తీసి ఆ గడిని అడ్డంగా కొట్టేసింది. "లోపలికి పంపండి," అంది. ఆ మధ్యాహ్నమే చేర్చుకున్నారు. మర్నాడు సాయంత్రం ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాం.

రెండు వారాల తర్వాత చెకప్‌కు వెళ్లాం. కౌంటర్‌లో ఆమె నన్ను గుర్తుపట్టింది. "పాత ఫారాలు అయిపోయాయండీ, కొత్తవి వేయించారు," అంటూ కట్ట విప్పింది. ఒకటి తీసి చూశాను. కాగితం తెల్లగా, మందంగా ఉంది. అడుగున గడి అలాగే ఉంది.