తేలు కాపలా

ఉప్పాడలో సత్యవాణి నేసిన చీర రెండువైపులా ఒకేలా ఉంటుంది. మనిషీ అంతే. మొహం మీద ఒకటీ, వెనకాల ఇంకొకటీ మాట్లాడటం ఆమెకి చేతకాదు. చీర నేయడం పూర్తికాగానే వీధరుగు మీద పరిచి, పొద్దుటి ఎండలో ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. బేరాలన్నీ అక్కడే.

అలాంటి మనిషిని ఒకరోజు రాజమండ్రి నుంచి సూర్యకళ గారు ఫోన్ చేసి దులిపేశారు.

"ఏంటండీ ఇది? చేత్తో నేసిన జాందానీ ఫోటో చూపించి మరమగ్గం చీర అంటగడతారా?"

"అయ్యో, మీకు నేనసలు చీరే పంపలేదండీ!"

"అరుగు మీ ఇంటిదే, గోడా మీ ఇంటిదే. ఫోటో మీది కాదంటారా?"

ఫోటో ఆమెదే. ఎవడో దాన్ని ఎత్తుకెళ్లి, తన పేజీలో పెట్టుకుని నాసిరకం సరుకు అమ్ముకుంటున్నాడు. ఎంత చెప్పినా సూర్యకళ గారు వినలేదు. గ్రూపులోంచి వెళ్లిపోయారు, ఆవిడ వెనకే ఇంకొందరు. ఆ రోజు సత్యవాణికి అన్నం సయించలేదు. బేరాలు పోయినందుక్కాదు, మోసగత్తె అన్నందుకు.

అలాగని ఏడుస్తూ కూర్చునే రకమా? ఫోటో మూల తన పేరు రాసింది. ఆ దొంగవెధవ మూల కత్తిరించేశాడు. నడిమధ్యన పెద్ద అక్షరాలతో రాసింది. "చీర కనపడట్లేదండీ, మీ పేరే కనపడుతోంది" అన్నారు కొనేవాళ్లు. ఫిర్యాదు చేస్తే ఆ పేజీ మూతపడింది, మర్నాడే ఇంకో పేరుతో లేచింది.

ఆమె అత్తగారు శ్యామలాంబ బతుకంతా నేసిన మనిషి. కీళ్లనొప్పులతో మగ్గం దిగాక "నా చెయ్యి ఇంక దండగే" అని అస్తమానం నొచ్చుకునేది. కానీ ఫోటో తీసే వేళకి ఊరుకునేది కాదు, ముడత సరిచేయడానికి చెయ్యి పెట్టేసేది. "చెయ్యి తియ్యండత్తయ్యా" అనడం కోడలికి ప్రతిసారీ ఉన్నదే. ఒకనాడు ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. చీర నడుమ, బుటా పువ్వుల మీద అత్తగారి చెయ్యి. దాని మీద చిన్నప్పుడు పొడిపించుకున్న తేలు పచ్చబొట్టు.

"అలాగే ఉంచండి!"

"చాల్లే, నవ్విపోతారు. ఈ ముడతల చెయ్యి ఎవరిక్కావాలే?"

"నాక్కావాలి."

అప్పట్నుంచి ప్రతి ఫోటోలోనూ తేలు ఉండాల్సిందే. "ఈ తేలు మా గుర్తండీ, ఇంకే పేజీలో కనపడినా అది దొంగ ఫోటోయే" అని అందరికీ పంపింది. సూర్యకళ గారికీ పంపింది. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు. అబ్బ, ఎంత గుచ్చుకున్నాయో ఆ టిక్కులు! అయినా మగ్గం దిగిన ఏ చీరనీ ఆమె అరుగు మీద పరవకుండా ఉండలేదు. ఆ మొండితనానికి దణ్ణం పెట్టాలి.

దసరా ముందు సూర్యకళ గారే ఫోన్ చేశారు. సత్యవాణి చేతులు గంజిలో ఉంటే, అత్తగారే స్పీకరు నొక్కింది.

"సత్యవాణి గారూ, ఇంకో పేజీలో మీ చీర చూశానండీ. చెయ్యి చెరిపేశాడు. కానీ తేలు తోక ఉండిపోయింది! అదీ బుటాయే అనుకుని వదిలేసినట్టున్నాడు. ఫోటో మీ దగ్గర కొట్టేసిందేనని అప్పుడు తెలిసింది. మా వాళ్లందరికీ చూపించాను. ఆ రోజు మిమ్మల్ని అనరాని మాటలన్నానండీ. తప్పు నాదే."

శ్యామలాంబ తన చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"వాడి దుంపతెగ! తేలు కుట్టేది తోకతోనే కదే" అంది.

కొళాయి దగ్గరికెళ్లి ఆ చెయ్యి శుభ్రంగా కడుక్కుని వచ్చింది. "కొత్త చీర పరిచావా?" అని అడిగింది.